ఒక గది నిండుగా, మూడు గదులు ఖాళీగా: బ్రాడీపేట ఇంటి పని డైరీ

సంక్రాంతి వెళ్ళిన వారం

గుంటూరు బ్రాడీపేటలో మేముంటున్న ఇల్లు మామయ్యగారు కట్టించింది. 1981లో గృహప్రవేశం అయింది. కింద హాలు, రెండు పడగ్గదులు, వంటిల్లు, వంటింటిని ఆనుకుని పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పున ఒక చిన్న గది, ముందు వరండా. మేడ మీద ఒక గది, మిగతాదంతా డాబా. ఉండేది నలుగురం: అత్తయ్య, మావారు, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, నేను. నలుగురికి ఇది పెద్ద ఇల్లే. అయినా హాల్లో సోఫాకీ టీపాయ్‌కీ మధ్య ఒకరు నడుస్తుంటే ఇంకొకరు ఆగాలి. రెండు పడగ్గదుల్లో కలిపి నాలుగు బీరువాలు. మంచాల కింద సూట్‌కేసులు, వాటి మీద బియ్యం సంచుల్లో మూటగట్టిన పాత బట్టలు. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. రాత్రిపూట బాత్రూంకి వెళ్ళాలంటే గోడ పట్టుకుని నడుస్తుంది. పట్టుకోవడానికి గోడ ఎక్కడా ఖాళీ లేదు. ఇంట్లో సామాను తగ్గించి సర్దే పని మొదలు పెట్టడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

మినిమలిస్ట్ ఇల్లు, అంటే తక్కువ సామానుతో సాదాగా ఉండే ఇల్లు, అన్న మాట మా అమ్మాయిది. ఫోన్లో ఫొటోలు చూపించింది. తెల్లటి గోడలు, ఒక కుర్చీ, ఒక మొక్క. చూడ్డానికి హాయిగానే ఉన్నాయి. కానీ ఆ ఫొటోలతో పాటు చెప్పే సూత్రం ఒకటుంది: ఆరు నెలలుగా ముట్టుకోని వస్తువును తీసెయ్యాలట. అది మన ఇళ్ళలో కుదరదు. మామిడికాయ ముక్కలు కలిపే గంగాళం ఏడాదికి ఒక్కరోజు కిందికి దిగుతుంది. జంపఖానాలు పెళ్ళికో పండక్కో. కొలువు బొమ్మలు దసరాకి. రగ్గులు మన గుంటూరులో మహా అయితే నెలన్నర. ఆ సూత్రం పట్టుకుంటే వేసవిలో కొత్త గంగాళం కొనుక్కోవాలి, చలికాలంలో కొత్త రగ్గులు కొనుక్కోవాలి.

అందుకని ప్రతి వస్తువు దగ్గరా రెండే అడగాలని అనుకున్నాం. దీన్ని ఏ నెలలో వాడతాం? ఎవరు వాడతారు? రెండింటికీ జవాబుంటే అది ఉంటుంది. పన్నెండు నెలల్లో ఒక్క నెల పేరూ చెప్పలేకపోతే వెళ్ళిపోతుంది. క్యాలెండర్ వెనకాల ఖాళీ కాగితం మీద మా అమ్మాయి నెలల పేర్లు వరసగా రాసి గోడకు అంటించింది. ఇక ఈ ఏడాదంతా పని దాని ప్రకారమే.

రథసప్తమి తర్వాత, అటక

ముందు అటక దింపాం. వంటింటి పైన గోడ నుంచి గోడకి ఉన్న అటక అది. మావారు పైకెక్కి అందిస్తుంటే నేనూ, పనిమనిషీ కింద అందుకున్నాం. రాగి అండా, ఇత్తడి బిందెలు, గుండిగలు, పెద్ద డేగిసాలు, చిల్లులు పడ్డ జల్లెడ, మూత లేని క్యారేజీలు, క్యారేజీ లేని మూతలు, మిక్సీ కొన్నప్పటి అట్టపెట్టె, టీవీ కొన్నప్పటి థర్మాకోలు. అట్టపెట్టెలు, థర్మాకోలు ఆ సాయంత్రమే బయటికి వెళ్ళాయి. వాటిమీద ఎవరికీ ప్రేమ లేదు.

చిక్కంతా స్టీలు సామాన్లతో వచ్చింది. మన వైపు కానుకగా ఇచ్చే స్టీలు గిన్నె మీద ఇచ్చినవాళ్ళ పేరు, తారీకు చెక్కించి ఇవ్వడం అలవాటు. మా అటక మీద దిగిన గిన్నెలు, బేసిన్లు, టిఫిన్ డబ్బాలు అన్నిటికీ పేర్లున్నాయి. అత్తయ్య కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, చుక్కలు చుక్కలుగా చెక్కిన ఆ అక్షరాల మీద బొటనవేలితో రాసి చూస్తోంది. మెరుగు తగ్గిన గిన్నె మీద కూడా ఆ చుక్కలు వేలికి తగులుతాయి.

"ఇది మా పెద్దక్కది అమ్మాయ్. మీ ఆయన అన్నప్రాసనకి తెచ్చింది. తూకానికి వేసెయ్యమంటావా?"

వెయ్యమని నేనెలా అంటాను? నెలా మనిషీ లెక్క ఇక్కడ సరిపోలేదు. ఆ గిన్నె ఏ నెలలోనూ వాడం. ఆ గిన్నె మీదున్న పేరు మాత్రం అత్తయ్యకు రోజూ గుర్తుంటుంది. రాత్రి భోజనాలప్పుడు మా అమ్మాయి ఒక మాట అంది. "నానమ్మా, పెద్దమ్మమ్మ గిన్నె వాళ్ళమ్మాయికే ఇస్తే?" తెనాలిలో ఉంటుంది ఆవిడ. అత్తయ్య కాసేపు ఆలోచించింది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. అవతల ఆవిడ వాళ్ళమ్మ పేరు విని ఏడ్చేసింది. బస్సులో వచ్చి తీసుకెళ్ళింది, పోతూ పోతూ తన పేరున్నది ఏమీ వద్దని, వాళ్ళ తమ్ముడి పేరున్న డబ్బా కూడా అడిగి పట్టుకెళ్ళింది.

అక్కణ్ణించి దారి దొరికింది. ఎవరి పేరున్నది వాళ్ళ పిల్లలకి. పేరు తెలిసి మనిషి ఆనవాలు తెలియనివీ, పేరు పూర్తిగా అరిగిపోయినవీ పట్నంబజారులో సామాన్ల కొట్టుకి. ఇత్తడిలో రెండు బిందెలూ ఒక గుండిగా ఉంచుకున్నాం, వాటికి కళాయి వేయించాలి. కళాయి లేకుండా ఇత్తడిలో పులుసు కాస్తే చిలుమెక్కుతుంది, ఒంటికి మంచిది కాదు. మిగతా ఇత్తడి అమ్మిన డబ్బు వేరే కవరులో పెట్టాం. నేల పాలిష్‌కి అదే మొదటి జమ.

పుస్తకాల సంగతి తొందరగానే తేలింది. మామయ్యగారి పుస్తకాల్లో అత్తయ్య చదివేవి ఒక అర, మేం చదివేవి ఒక అర. మిగతావి బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గరున్న అన్నమయ్య గ్రంథాలయంలో అడిగి, వాళ్ళకు కావలసినవి ఇచ్చి వచ్చాం. పుస్తకం నలుగురి చేతుల్లోకి వెళ్ళాలన్నది మామయ్యగారి మాట, కాబట్టి ఎవరికీ బాధ కలగలేదు.

మాఘం చివర

మా అమ్మాయి మళ్ళీ ఒక ఫొటో చూపించి, చాలా మంచి ప్రశ్న వేసింది. "అమ్మా, వీళ్ళ సామాన్లన్నీ ఎక్కడున్నాయి?"

రెండు రోజులు దీని మీదే చదివాను. జపాన్ ఇళ్ళ ఖాళీ గదులు అందరికీ తెలిసినవే. అక్కడ పాతకాలపు కలిగిన కుటుంబాల ఇంటి పక్కనే మందపాటి మట్టిగోడలతో విడిగా ఒక కట్టడం ఉండేది, కురా అంటారు దాన్ని. నిప్పంటుకున్నా లోపలివి కాలకుండా అంత మందంగా కట్టేవారు. కాలానికి తగ్గ పటాలు, పాత్రలు అందులోంచి తెచ్చి వాడుకుని, కాలం మారగానే మళ్ళీ అందులో పెట్టేవారు. ఇంట్లో గోడలోనే ఒషిఇరె అనే లోతైన అర, రాత్రి పరుచుకున్న పరుపులు పగలు అందులోకి వెళ్ళిపోతాయి. గది ఖాళీగా ఉంటోందంటే పక్కనే నిండుగా ఉండే చోటు ఒకటుంది.

ఆ చోటు లేకపోతే ఏమవుతుందో కూడా చదివాను. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలో ప్లేనో దగ్గర, ఫాక్స్ నది ఒడ్డున, మీస్ వాన్ డెర్ రో అనే జర్మనీ నుంచి వచ్చిన పేరుమోసిన ఆర్కిటెక్ట్ ఎడిత్ ఫార్న్స్‌వర్త్ అనే డాక్టరుగారికి ఒక ఇల్లు కట్టాడు. 1951లో పూర్తయింది. నాలుగు పక్కలా అద్దాలే, లోపల గదుల్ని విడదీసే గోడలు లేవు. ప్రపంచంలో ఆర్కిటెక్చర్ చదివే పిల్లలందరూ ఆ ఇంటి ఫొటో చూసే ఉంటారు. ఆవిడకి మాత్రం బట్టలు తగిలించుకునే చోటు లేక విడిగా బీరువా చేయించుకోవలసి వచ్చింది. ఎండాకాలం లోపల ఉక్క. దోమలు, పురుగులు భరించలేక వరండాకి జాలీ కట్టించుకుంది. ఖర్చు విషయంలో ఇద్దరూ కోర్టుకెక్కారు. ఆ ఇల్లు అందంగా లేదని నేననను, ఫొటోలో చూస్తేనే మనసు తేలికవుతుంది. కానీ గుంటూరు దోమల మధ్య, 45 డిగ్రీల ఎండలో బతికే మాకు ఆవిడ పడ్డ ఇబ్బందులే ముందు కనబడతాయి.

వంటింటి పక్క చిన్న గది కట్టినప్పుడు సామాన్ల గదే. తర్వాత కంప్యూటర్ గది అయింది, ఆ తర్వాత ఇస్త్రీ గది, ఇప్పుడు ఏ గదీ కాదు. దాన్ని మళ్ళీ సామాన్ల గది చేస్తున్నాం. ఇంటి ఏడాది సరుకూ, పండగల సామానూ, చుట్టాల పరుపులూ అన్నీ అందులోకే. మిగతా మూడు గదుల్లో ఈ నెలలో వాడేవి మాత్రమే ఉండాలి.

శివరాత్రి వారం, సామాన్ల గది

ఈ గది గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే పనంతా దీని మీదే నిలబడింది.

చెక్క అలమర చేయించమని వడ్రంగి చెప్పాడు. వద్దనుకున్నాం. ప్లైవుడ్ అలమరలో తలుపులు మూసేస్తే వానాకాలం లోపల బూజు, పైగా చెదలు. స్లాటెడ్ యాంగిల్స్, అంటే వరసగా చిల్లులున్న ఇనుప పట్టీలతో రాక్‌లు వేయించాం. మూడు గోడలకీ రాక్‌లు, నాలుగో గోడకి తలుపూ కిటికీ. లోతు 18 అంగుళాలు. అంతకన్నా లోతుంటే వెనకాల ఏముందో మర్చిపోతాం, మళ్ళీ అటక కథే. రాక్‌కీ గోడకీ మధ్య మూడంగుళాలు వదిలాం, గాలి ఆడడానికి. అన్నిటికన్నా కింది అర నేల నుంచి అడుగు ఎత్తున ఉంది. చీపురు, తడిబట్ట లోపలిదాకా వెళ్ళాలి. ఎలక వచ్చినా కనబడాలి.

బరువైనవి కింద: జాడీలు, నూనె డబ్బాలు, బియ్యం. నడుం ఎత్తులో పప్పులు, కారం, చింతపండు, అత్తయ్య వంగకుండా నిక్కకుండా తీసుకోగలిగేట్టు. పైన తేలికవి: రగ్గులు, దుప్పట్లు, బొమ్మల పెట్టెలు. ఒక్కో అరకీ నెల పేరు రాసిన చీటీ అంటించాం. "ఏప్రిల్-మే" అన్న అరలో గంగాళం, ముక్కలు కొట్టే కత్తిపీట, వాసెన కట్టే తెల్లబట్టలు. "దసరా" అన్న అరలో బొమ్మలు, కొలువు మెట్లకి కట్టే బట్ట. "చుట్టాలు" అన్న అరకి నెల లేదు, ఎప్పుడైనా రావచ్చు కదా.

కిటికీకి సన్న జాలీ, లోపలి నుంచి తీసి కడుక్కునేట్టు అయస్కాంతపు పట్టీతో. పైన చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను. కందిపప్పుకి ఆముదం రాసి ఎండబెట్టి డబ్బాల్లోకి ఎత్తాం. ఇదంతా అత్తయ్యే చేయించింది. ఈ గది పని మొదలైనప్పటి నుంచి ఆవిడ మొహంలో వెలుగు వచ్చింది. అటక దింపిన వారం ఇంట్లో ఏదో తీసుకుపోతున్నారని బెంగగా ఉండేది. ఇప్పుడు ప్రతి డబ్బా ఆవిడ చేతికి అందుతోంది. "నా కాపరం నాకు కనిపిస్తోంది అమ్మాయ్" అంది నిన్న.

ఉగాదికి ముందు, నేల

హాల్లో వేసిన లినోలియం చింపేశాం. కింద మాచర్ల నాపరాళ్ళు. వాటి మీద లినోలియం వేసి ఇరవై ఏళ్ళు దాటింది. మా అమ్మాయి ఆ రాళ్ళని చూడటం ఇదే మొదలు. నీలం, బూడిద కలిసిన రంగు, అక్కడక్కడా పచ్చని చారలు. జిగురు మరకలు ముదిరిపోయి ఉన్నాయి. టైల్స్ వేయించెయ్యమని వచ్చిన ప్రతి మేస్త్రీ చెప్పాడు. పగలగొట్టి, మట్టి ఎత్తి, మళ్ళీ సిమెంటు పోసి అంత గొడవ దేనికి? కాళ్ళకింద ఎండాకాలం చల్లగా ఉండే రాయి చేతిలో ఉండగా?

పాలిష్ మెషీన్ మేస్త్రి ఒకాయన ఒప్పుకున్నాడు. ముందు జిగురు గోకించి, రాళ్ళ మధ్య సందులు గీకి రాతి రంగు కలిపిన సిమెంటుతో నింపి, ఆరాక గరుకు రాయితో మొదలు పెట్టి సన్న రాళ్ళదాకా వరసగా తిప్పాడు. ఇల్లంతా బూడిదరంగు రొచ్చు. చీపురుతో కాలవలోకి తోస్తే గట్టిపడి కాలవ పూడుకుపోతుందని చెప్పాడు. అందుకని బకెట్లలోకి ఎత్తి, తేరనిచ్చి, అడుగున పేరుకున్నది వేరే పారబోశాం. ఇది ఎవరైనా గుర్తు పెట్టుకోవలసిన విషయం.

అద్దంలా మెరిపించవద్దని ముందే చెప్పాం. అత్తయ్య జారకూడదు. మెత్తగా, కొంచెం మెరుపుగా ఆపించాం.

నాపరాయి సున్నపురాయి జాతి. దాని మీద నిమ్మరసం పడినా, చింతపండు పులుసు ఒలికినా వెంటనే తుడవాలి, లేకపోతే మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగిలిపోతుంది. బాత్రూం యాసిడ్ దగ్గరికే రానివ్వకూడదు. పనిమనిషికి ఇది రెండుసార్లు చెప్పాను, నేల తుడిచే మందు కూడా మార్చాను. మామూలు నీళ్ళు చాలు, మరక ఉంటే కాస్త సబ్బునీళ్ళు.

సోఫా సెట్ మావారి స్నేహితుడి ఆఫీసుకి వెళ్ళింది. టీపాయ్ ఎవరికి ఇచ్చామో నాకే సరిగ్గా గుర్తులేదు, అంత అక్కర్లేని వస్తువు అది.

చైత్రం, గోడలు

ఈ పని మీద నాకు మొదటి నుంచీ మనసుంది. హాలు గోడలకి ప్లాస్టిక్ పెయింట్ పొక్కులు లేచి ఊడుతోంది, ముఖ్యంగా ఉత్తరపు గోడకి. అడుగు నుంచి చెమ్మ పైకి పాకుతోంది, రంగు పొర దాన్ని బయటికి పోనివ్వదు, లోపల ఉప్పు పేరుకుని పొర లేచిపోతుంది. మళ్ళీ పుట్టీ పెట్టి మళ్ళీ పెయింట్ వేస్తే రెండేళ్ళకి మళ్ళీ ఇదే. సున్నం వేద్దామన్నాను. సున్నానికి చెమ్మను బయటికి పోనిచ్చే గుణం ఉంది, దాని క్షారానికి బూజు తొందరగా పట్టదు.

పిడుగురాళ్ళ సున్నం. ఆ ఊరు 2022లో పల్నాడు జిల్లాలోకి వెళ్ళిందిగానీ అంతకు ముందు అది మా జిల్లాదే. చిన్నప్పుడు సంక్రాంతికి ప్రతి ఇంటికీ ఆ సున్నమే. మావారు రాయి సున్నం తెచ్చారు. పాత ఇనుప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, అందులో సున్నపురాళ్ళు కొద్దికొద్దిగా వేశాం. రాళ్ళ మీద నీళ్ళు పొయ్యకూడదు, ఎగిరి మీద పడుతుంది. కళ్ళకి అద్దాలు, చేతులకి తొడుగులు తప్పనిసరి. కుతకుతమని ఉడికి, పొగలు వచ్చి, రాళ్ళు విచ్చుకుని చివరికి తెల్లటి ముద్ద అయింది. దాన్ని నీళ్ళ కింద వారం పైన నాననిచ్చాం. నానినకొద్దీ మెత్తబడుతుంది. తర్వాత పల్చగా కలిపి, పాత పంచెలో వడగట్టి, గంజి, చిటికెడు నీలిమందు కలిపాం.

అంతకన్నా కష్టం పాత పెయింట్ గోకడం. ప్లాస్టిక్ పెయింట్ మీద సున్నం నిలవదు, దానికి నీరు పీల్చే గోడ కావాలి. చెక్క గరిటె లాంటి ఇనుప పట్టీతో గోడంతా గోకించాం. కూలీ ఖర్చు ఎక్కువ అయింది దీనికే. గోకాక గోడను నీళ్ళతో తడిపి, సున్నం పల్చగా మూడు పూతలు. వేసినప్పుడు గోడ ఇంకా నానినట్టు, ఎందుకూ పనికిరానట్టు కనబడుతుంది. కంగారు పడకూడదు. ఆరుతున్నకొద్దీ తెల్లబడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని సున్నం మళ్ళీ రాయిగా మారుతుంది, రోజులు గడిచేకొద్దీ గట్టిపడుతుంది.

గోడకి చెయ్యి ఆనిస్తే కొంచెం తెలుపు అంటుతుంది. అత్తయ్య పట్టుకుని నడిచే వైపు అందుకని నడుం ఎత్తులో టేకు పట్టీ బిగించాం, హాలు నుంచి బాత్రూం దాకా. అది చేతికి ఆసరా, గోడకి రక్షణ. మిగిలిన సున్నం డాబా మీద వేశాం. తెల్లటి డాబా ఎండను తిప్పికొడుతుంది, కింద గదుల్లో వేడి కొంత తగ్గుతుంది.

చిలక్కొయ్యలు

మేడ మీద గదిలో విరిగిన పందిరిమంచం ఉంది, మామయ్యగారి నాన్నగారిది. కోళ్ళు చెదలు తిన్నాయి, పట్టెలు మాత్రం చెక్కుచెదరలేదు. బర్మా టేకు అని అత్తయ్య అంటుంది. రంపం పెట్టినప్పుడు వచ్చిన వాసన గదంతా రెండు రోజులుంది. దాంతో ఒక్కో పడగ్గదిలో ఆరడుగుల పట్టీ, ఎనిమిదంగుళాలకో చిలక్కొయ్య చేయించాం. మిగిలిన చెక్కతో హాల్లో గోడ వారగా పదహారంగుళాల ఎత్తున బల్ల. కూర్చోవడానికి అదే. అత్తయ్యకి మాత్రం చేతులున్న కుర్చీ విడిగా, ఆవిడ కింద నుంచి లేవలేదు.

పూర్వం ప్రతి ఇంట్లో గోడకి ఉండేవి ఈ కొయ్యలు. కట్టి విడిచిన చీర, రేపు మళ్ళీ వేసుకునే చొక్కా వాటి మీదుండేవి. బీరువాలోనూ పెట్టలేని, ఉతుక్కీ వెయ్యలేని బట్టలకి చోటు లేకనే కుర్చీల మీద గుట్టలు పేరుకుంటాయి. ఎన్ని బీరువాలున్నా ఆ గుట్ట తగ్గదు. ఇప్పుడు మనిషికి మూడు కొయ్యలు. నిండాయంటే ఉతుకు వేసే రోజు వచ్చినట్టే. నాలుగు బీరువాల్లో రెండు తీసేశాం.

మే, ఎండల్లో

సామాన్ల గదికి అసలు పరీక్ష ఈ నెలే. కారం పట్టించడం ముందే అయిపోయింది. మా ఇంట్లో గుంటూరు దగ్గర లాం వ్యవసాయ పరిశోధన ఫారంలో పుట్టిన 334 రకం మిరపకాయలే వాడతారు. తొడిమలు తీసి డాబా మీద ఎండబెడితే ఇల్లంతా తుమ్ములు. కిందటేడాది వరకూ ఆ మిరపకాయల గోతాం హాల్లోనే ఉండేది. ఈసారి డాబా నుంచి మరకి, మర నుంచి డబ్బాకి, డబ్బా రాక్ మీదకి.

ఆవకాయ రోజున జలాలు రకం మామిడికాయలు తెచ్చి, కడిగి, తుడిచి, ముక్కలు కొట్టించాం. హాల్లో నాపరాళ్ళ మీద పాత దుప్పటి పరిచి, దాని మీద గంగాళం పెట్టి, అందరం చుట్టూ కూర్చున్నాం. ఆ హాల్లో అంతమందిమి నేల మీద కూర్చోగలగడం మా అమ్మాయి పుట్టాక ఇదే మొదలు. ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె అత్తయ్య కొలిచి పోస్తుంటే నేను కలిపాను. పక్కింటి పిన్నిగారు, వాళ్ళ కోడలు వాళ్ళ కాయలు కూడా ఇక్కడికే తెచ్చుకున్నారు, చోటుందని. సాయంత్రానికి జాడీలకి వాసెన కట్టి కింది అరలో పెట్టేశాం. గంగాళం తోమి, ఎండబెట్టి దాని చోట పెట్టేసరికి హాలు మళ్ళీ ఖాళీ. ఖాళీ ఉన్నది ఇలాంటి పనులకే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఫొటో కోసం అట్టేపెట్టుకునే ఖాళీ మాకు అవసరం లేదు.

హాల్లో ఎండ ఆపడానికి మంగళగిరి నూలు బట్ట తెచ్చి తెరలు కుట్టించాం. ఒళ్ళంతా సాదా, అంచు మాత్రం ఉంటుంది. పాత సింథటిక్ కర్టెన్లకన్నా గాలి బాగా వస్తోంది.

శ్రావణం, భాద్రపదం

వానలు. ఉత్తరపు గోడ అడుగున అరచెయ్యంత మేర సున్నం పొడిగా రాలింది. చెమ్మ ఇంకా ఉంది. కానీ పొక్కు లేవలేదు. పొడి దులిపి, తడిపి, ఆ చోట మళ్ళీ ఒక పూత వేస్తే సరిపోయింది, పని మా చేతుల్లోనే అయిపోయింది. డ్రమ్ములో సున్నం ముద్ద నీళ్ళ కింద అట్టే ఉంచాం, ఎన్నాళ్ళయినా చెడదు.

రాక్‌ల మీద బూజు లేదు. బీరువాలో పట్టుచీరలకి మాత్రం చెమ్మ వాసన వచ్చింది. వాన వెలిసిన మధ్యాహ్నం తలుపులు తెరిచి పెట్టి, చీరలు మడతలు మార్చి నీడలో ఆరవేశాం. శ్రావణమాసంలో ఎలాగూ పేరంటాలకి తీస్తాం కాబట్టి దీన్నీ నెలల కాగితంలో రాసేశాం.

వారానికోసారి కొత్త వస్తువు ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. పేరంటంలో ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బా, ఎవరో పెళ్ళిలో పంచిన గోడ గడియారం. వచ్చినదాన్ని వచ్చిన వారంలోనే రెండు ప్రశ్నలూ అడుగుతున్నాం. ఇచ్చినవాళ్ళ మనసు నొప్పించకుండా తీసుకుంటాం, తర్వాత అవసరమున్నవాళ్ళకి ఇస్తాం. పనిమనిషి కూతురి కొత్త కాపరానికి ఇందులోంచే చాలా వెళ్ళాయి. ముందే అడిగి, తనకు నచ్చినవే ఇచ్చాం. పనికిరానిది ఇంకొకరి నెత్తిన పడెయ్యకూడదు.

దసరా

షోకేసు సంగతి దసరా దాకా వాయిదా వేశాం. అద్దాల తలుపుల వెనక కొండపల్లి బొమ్మలు, మా అమ్మాయి స్కూలు షీల్డులు, ఎవరూ తాగని గాజు కప్పులు. దశావతారాలు, ఏనుగు అంబారీ, కల్లుగీసే తాటిచెట్టు. తెల్ల పొణికి కర్రతో చేసినవి కాబట్టి చేతిలోకి తీసుకుంటే బరువే ఉండవు. ఇన్నేళ్ళూ అద్దం వెనక రోజూ కళ్ళముందే ఉన్నాయి, ఎవరం చూడలేదు.

ఈసారి వాటిని దింపి, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి కొలువులో పెట్టాం. తొమ్మిది రోజులూ చుట్టుపక్కల పిల్లలు వచ్చి చూశారు. ఒక్కో అవతారం కథ అత్తయ్య చెప్పింది. అయిపోయాక ఒక్కోదాన్ని నూలుగుడ్డలో చుట్టి పెట్టెలో సర్ది, రాక్ మీద "దసరా" అరలోకి పంపాం. షోకేసు తీసేశాం. షీల్డుల్లో రెండు మా అమ్మాయి బల్ల మీదకి, కప్పులు రోజువారీ టీకి.

కార్తీకం

మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఇదే నెలలో. పెళ్ళివారిలో సగం మంది మా ఇంట్లోనే దిగారు. రాత్రి భోజనాలయ్యాక "చుట్టాలు" అరలోంచి బూరుగుదూది పరుపులు, జంపఖానాలు తెచ్చి హాల్లో వరసగా పరిచాం. పొద్దున్నే మడిచి మళ్ళీ లోపలికి. మగపెళ్ళివారి తరఫు పెద్దాయన ఒకాయన వచ్చి, ఇంత పెద్ద హాలు ఎప్పుడు కట్టించారని మావారిని అడిగారు.

ఇక మిగిలినవి ఇవీ. మేడ మీద గదికి ఇంకా చెయ్యి పెట్టలేదు, అక్కడ మామయ్యగారి కాగితాలు, దస్తావేజుల ట్రంకుపెట్టెలున్నాయి. అత్తయ్య పక్కన కూర్చుంటేగానీ అవి తెరవకూడదు, ఆవిడ మెట్లెక్కలేదు, కాబట్టి ఒక్కో పెట్టె కిందికి దింపాలి. టీవీ వెనక వైర్లు గోడలోకి పంపించాలి, ఎలక్ట్రీషియన్ ధనుర్మాసంలో వస్తానన్నాడు. వరండా గ్రిల్లుకి దోమల జాలీ కొలతలు ఇచ్చేశాం. ఇత్తడి బిందెలకి కళాయి వేసేవాడు ఇంకా దొరకలేదు. పొన్నూరులో ఒకాయన ఉన్నాడని పక్కింటి పిన్నిగారు చెప్పారు, వచ్చే ఆదివారం వెళ్ళి కనుక్కోవాలి.